యంత్రము గీయు బొమ్మ, మనిషి దిద్దు రూపు

మండపేట బజారులో బొమ్మ లేని వ్యాపారము లేదు. బియ్యపు మిల్లు సంచిమీద బొమ్మ, శుభలేఖమీద బొమ్మ, బట్టల దుకాణము ముంగిట బొమ్మ, కోళ్ల దాణా బస్తామీద బొమ్మ, తీర్థము నాటి స్వాగత ద్వారముమీద బొమ్మ. అక్షరము వచ్చినవానికి పేరు చెప్పు సంగతిని అక్షరము రానివానికి బొమ్మ చెప్పును. బియ్యము కొనవచ్చిన ఇల్లాలు మిల్లు పేరు చదువదు. "ఆ నెమలి బొమ్మ సంచి ఇవ్వండి" అని యడుగును. కనుక ఆ నెమలి మిల్లు యజమానికి అలంకారము మాత్రమే కాదు, ఆస్తి కూడను.

ఈ బొమ్మలు వేయు చేయి ఒక తరములోనే ఒకమారు మారినది. పూర్వము కుంచె పట్టి రేకుమీదను, గోడమీదను, గుడ్డమీదను రంగులు వేయు పెయింటరు ఉండెడివాడు. సినిమా హాలు ముందరి కటౌటు మొదలు సోడాబండిమీది లక్ష్మీదేవి వరకు ఆతని చేతిమీదుగనే రావలసియుండెను. తరువాత కంప్యూటరును, ఫ్లెక్సీ ముద్రణయు వచ్చినవి. పెయింటర్లలో కొందరు మౌసు పట్టుట నేర్చుకొని నిలదొక్కుకొనిరి. కొందరు ఇండ్లకు రంగులు వేయు పనికి పోయిరి. ఇప్పుడు ఆ కంప్యూటరు ముందు కూర్చున్నవాని యెదుటకు రెండవ మార్పు వచ్చినది. మాటలతో వర్ణించి చెప్పిన బొమ్మను యంత్రమే గీసి యిచ్చుచున్నది. దీనినే కృత్రిమ మేధ యనియు, వాడుకలో ఏఐ యనియు అనుచున్నారు. డాల్-ఈ అను సాధనము యొక్క రెండవ రూపము 2022 ఏప్రిల్‌లో వెలువడినది. అదే సంవత్సరము జూలైలో మిడ్‌జర్నీ, ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినవి. 2023లో ఇట్టి శక్తిని మన డీటీపీ కేంద్రములలో నిత్యము వాడు ఫోటోషాపులోనే చేర్చినారు.

ఈ యంత్రము మంచిదా, చెడ్డదా యను వాదము వలన డిజైనరుకు గాని, ఆతనికి పని యిచ్చు వర్తకునకు గాని ప్రయోజనము కనబడదు. అది వచ్చియే యున్నది. దానిని పనిలో ఏ మెట్టు దగ్గర కూర్చుండబెట్టవలెను, ఏ మెట్టు దాటనీయరాదు అనునదియే నేటి ప్రసంగమునకు విషయము.

ముందుగా అది బొమ్మ గీయు తీరును కొంచెము తెలిసికొందము. యంత్రమునకు కోట్లకొలది బొమ్మలను, ఒక్కొక్కదానితో దానిని గురించిన నాలుగు మాటలను జతపరచి చూపుదురు. మంచి బొమ్మమీద ఇసుక చల్లినట్లు చుక్కలు చల్లుచు, అది క్రమముగా మసకబారి, చివరకు వట్టి చుక్కల గందరగోళమగు వరకు తీసికొనిపోవుదురు. పిదప ఆ చుక్కలను మెల్లమెల్లగా ఏరివేసి, లోపలి బొమ్మను మరల తేర్చుట యంత్రముచే సాధన చేయింతురు. ఈ సాధన ముగిసిన తరువాత మనము "వరిచేను, గట్టుమీద నెమలి, తెల్లవారుజాము వెలుగు" అని వ్రాసి యిచ్చినచో, అది చుక్కలతో మొదలుపెట్టి, మన మాటలకు ఒప్పు రూపము తేలువరకు వానిని ఏరుచు పోవును. మనము వ్రాసి యిచ్చు ఆ మాటలకు ప్రాంప్టు అని పేరు. ఈ పద్ధతిలో యంత్రము వరిచేనును ఎన్నడు చూడలేదు. వరిచేను అని పేరు పెట్టిన బొమ్మలను మాత్రమే చూచినది. ఈ భేదమును డిజైనరు ఎల్లప్పుడు జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ బొమ్మలు ఎక్కడివి? 2022లో ప్రకటించిన లయాన్-5బి అను సంపుటమును ఉదాహరణముగా తీసికొనవచ్చును. ఇంటర్నెట్టునుండి ఏర్చి కూర్చిన 585 కోట్ల బొమ్మలు, వాని వ్యాఖ్యలతో సహా, అందు చేరినవి. స్టేబుల్ డిఫ్యూజన్‌కు ఈ సంపుటములోని భాగములతోనే శిక్షణ యిచ్చినారు. ఆ వ్యాఖ్యలలో సుమారు 232 కోట్లు ఇంగ్లీషువి. నూరుకు మించిన తక్కిన భాషలన్నియు కలిసి సుమారు 226 కోట్లు. మిగిలినవానికి భాష యేదో తేలలేదు. ఒక్క భాష ఒకవైపును, నూరు భాషలు ఒకవైపును తూగుచున్నవన్నమాట. ఏది విస్తారముగా ఉన్నదో దానిని యంత్రము బాగుగా గీయును. ఏది అరుదో, దానిని విస్తారముగా ఉన్న మరియొక దానివైపు లాగును. ఇది యంత్రమునకు మనమీద గల ద్వేషము కాదు, లెక్కలోని లక్షణము.

ఈ లక్షణము మనకెట్లు తగులునో మన కోనసీమలోనే చూడవచ్చును. అంబాజీపేట మండలము మొసలపల్లి దగ్గరి జగ్గన్నతోటలో ఏటేట కనుమనాడు ప్రభల తీర్థము జరుగును. పదునొకండు గ్రామములనుండి ఏకాదశ రుద్రుల ప్రభలు అచ్చటికి చేరును. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారము ప్రభలు కౌశిక కాలువ దాటి వచ్చు దృశ్యము చూచినవారు మరువలేరు. వెదురుతో కట్టి, రంగురంగుల వస్త్రములతో అలంకరించిన ఆ ప్రభను మనుష్యులు భుజములమీద మోయుదురు. పచ్చని వరిచేలలో దిగి నడచుదురు. చేను తొక్కినందుకు రైతు కోపగించుకొనడు, తన చేనికి శుభమని తలచును. 2023 జనవరి 26న ఢిల్లీలో కర్తవ్యపథముమీద ఆంధ్రప్రదేశ్ శకటమునకు ఇతివృత్తము ఈ ప్రభల తీర్థమే.

ఇప్పుడు ఒక డిజైనరు సంక్రాంతి శుభాకాంక్షల ఫ్లెక్సీ కొరకు "గ్రామస్థులు మోయు ప్రభ" అని యంత్రమును అడిగెననుకొందము. ప్రపంచమున రథముల బొమ్మలు కొల్లలు. ప్రభల బొమ్మలు కొద్ది. కనుక ప్రభకు చక్రములు మొలచుటకును, అది మరియొక దేశపు ఊరేగింపుగా మారుటకును అవకాశము మెండు. వెలుగునీడలు చక్కగా ఉండును. రంగులు కన్నులపండువుగా ఉండును. కాని అది ప్రభ కాదు. పని తొందరలో ఆ బొమ్మయే ముద్రణకు పోయినచో, దాని ప్రతి ఫోనులలో తిరుగును, ఇంటర్నెట్టులోనికి ఎక్కును, రేపటి యంత్రమునకు అదియే "కోనసీమ ప్రభ" అను పాఠమై కూర్చుండును. మరి పది సంవత్సరములకు మన పిల్లవాడు ప్రభ యెట్లుండునని అడిగినప్పుడు, యంత్రము చక్రములున్న ప్రభను మరింత ధైర్యముగా చూపును. ఊరి రూపు ఈ విధముగా, ఎవరును కోరకయే, ఎవరును గమనింపకయే చెరగిపోగలదు. ఇందులో అసలు నష్టము ఇదియే.

దీనికి మందు లేకపోలేదు. నేటి సాధనములలో అనేకము మాటలనే గాక ఫోటోలను కూడ స్వీకరించును. కనుమనాడు తోటకు పోయి, ప్రభను ముందునుండి, ప్రక్కనుండి, మోతగాండ్ర భుజముల దగ్గరనుండి పది ఫోటోలు తీసికొని వచ్చి, వానిని ఆధారముగా ఇచ్చి, "దీని ఆకారము మార్చవలదు, ఆకాశమును మాత్రము సాయంకాలపు వెలుగుగా చేయుము" అని అడిగినచో పని చాలవరకు దారికి వచ్చును. వచ్చిన బొమ్మను ఆ ఫోటోల ప్రక్కన పెట్టి సరిచూచుకొనుట మరువరాదు. అనగా కన్ను ముందు పోవలెను, యంత్రము వెనుక రావలెను.

ఇక పని మెట్లను చూతము. బియ్యపు మిల్లు సంచికి కొత్త రూపు కావలెనని యజమాని వచ్చినాడు. మొదటి మెట్టు సంభాషణ. సంచి ఎవరు కొందురు, ఏ ఊళ్లకు పోవును, ప్రక్క మిల్లు గుర్తు ఏమి, తండ్రి కాలమునుండి వచ్చుచున్న గుర్తులో ఏది విడువరాదు అను ప్రశ్నలు యంత్రము అడుగదు. వీనిని మనిషియే అడుగవలెను. రెండవ మెట్టు చిత్తు బొమ్మలు. ఇక్కడ యంత్రము నిజముగా ఉపకారి. పూర్వము రెండు చిత్తులు వేయుటకు ఒక పూట పట్టెడిది. ఇప్పుడు గంటలో పది పదునైదు తీరులు చూపవచ్చును: నెమలి కుడివైపు తిరిగినది, ఎడమవైపు తిరిగినది, పురి విప్పినది, వరికంకులనడుమ నిలిచినది. యజమాని తన మనసులో ఏమున్నదో తానే చెప్పలేని సమయమున, ఎదుట పది బొమ్మలుంచినచో "ఇది కాదు, ఇటువంటిది" అని వ్రేలు చూపగలడు. ఇంతవరకు యంత్రమును నిస్సంకోచముగా వాడుకొనవచ్చును.

మూడవ మెట్టునుండి జాగ్రత్త కావలెను. మొదటిది అక్షరము. తెలుగు గుణింతములును, ఒత్తులును యంత్రము వ్రాయుట లేదు, బొమ్మగా గీయుచున్నది. 2022 నాటి సాధనములు ఇంగ్లీషు మాటలనే తారుమారు చేసెడివి. తరువాత వచ్చినవి కొంత మెరుగుపడినను, ఒత్తు జారుట, దీర్ఘము పోవుట, లేని అక్షరమొకటి పుట్టుట వంటి దోషములకు అవి అతీతములు కావు. శుభలేఖలో వరుని పేరున ఒత్తు తప్పినచో పెండ్లివారు ఊరుకొందురా? కనుక యంత్రమును బొమ్మవరకే అడిగి, అక్షరములకు చోటు ఖాళీగా వదలించి, పేరును, ఊరును, ముహూర్తమును డిజైనరు తానే కూర్పవలెను. అను ఫాంట్లు మన ముద్రణశాలలకు చిరపరిచితములు. యూనికోడ్ పద్ధతిలో ధూర్జటి, సూరన్న, గురజాడ, మండలి అను పేర్లతో ఉచితముగా లభించు అక్షరరూపములు కలవు. ఇన్ని ఉండగా అక్షరమును యంత్రపు ఊహకు విడుచుట తగదు.

రెండవది కొలత. తెరమీద నిండుగా కనబడు బొమ్మ కాగితముమీద చిన్నదై పోవచ్చును. సాధారణముగా వచ్చు బొమ్మ అడ్డముగా 1024 చుక్కలు గలది. మంచి ముద్రణకు అంగుళమునకు 300 చుక్కలు కావలెను. భాగించి చూచినచో ఆ బొమ్మ మూడున్నర అంగుళములకు కూడ చాలదు. అడుగు వెడల్పున అచ్చు వేయవలెనన్నచో 3600 చుక్కలు ఉండవలెను. లేని చుక్కలను పూరించు సాధనములు ఉన్నవి గాని, అవి పూరించునది కూడ ఊహయే. నగల లతలోను, చీర అంచులోను, కనురెప్పలోను ఆ ఊహ పట్టుబడును.

మూడవది రంగు. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలము వెలుగులతో బొమ్మ చూపును. అచ్చు యంత్రము నీలి, గులాబి, పసుపు, నలుపు సిరాలతో వేయును. తెరమీద మెరిసిన ఆకుపచ్చ సంచిమీద వడలిన ఆకువలె దిగవచ్చును. అంతేకాక, సంచి ముద్రణలో ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క అచ్చు వేరుగా చేయవలసియుండును. రంగు పెరిగినచో ఖర్చు పెరుగును. యంత్రము ఇచ్చిన నెమలిలో వేయి ఛాయలుండును. దానిని నాలుగు రంగులలో నిలుచునట్లు, దూరమునుండి ఆనవాలు పట్టునట్లు, గీతలుగా మరల గీయువాడు కావలెను. ఆ పని కోరల్‌డ్రాలో చేసినను, కాగితముమీద చేసినను, చేయునది నేర్పరి చేయియే.

బట్టల సంగతి మరికొంత సూక్ష్మమైనది. మండపేటకు దగ్గరనున్న ద్వారపూడి బట్టల దుకాణములకు పేరుపొందినది. అమలాపురము ప్రక్కనున్న బండారులంక నేతగాండ్ర ఊరు. సముద్రతీరమున ఉప్పాడ జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ చీరల అంచుకు, కొంగుకు కొత్త తీరులు ఊహించుటకు యంత్రము పనికివచ్చును. అయితే కాగితముమీది పువ్వు మగ్గముమీద పూయదు. నేతకు పోవు పువ్వును ముందుగా గళ్ల కాగితముపై ఎక్కించవలెను. ఒక్కొక్క గడి పడుగు పేకల కూడికకు గుర్తు. జాందానీలో ఆ పువ్వు దారమును చేతితోనే ఇమిడ్చి నేయుదురు. యంత్రము గీసిన లతకు పోగుల లెక్క లేదు. ఒక పువ్వునకును దాని జతకును పోలిక సరిగా ఉండదు. ఆ లెక్కను కట్టువాడు మగ్గము తెలిసిన డిజైనరే. ఇందొక విశేషము కూడ ఉన్నది. 1804లో ఫ్రాన్సు దేశమున జకార్డు అనువాడు రంధ్రముల అట్టలతో మగ్గమును నడుపు ఉపాయము కనిపెట్టినాడు. ఆ అట్టల ఊహయే తరువాత లెక్కల యంత్రమునకు దారి చూపినది. మగ్గమునకు పుట్టిన ఉపాయము నేడు కంప్యూటరు రూపమున మగ్గము దగ్గరకే తిరిగి వచ్చినది. నేతగాడు దానిని చూచి బెదరనక్కరలేదు. దానికి పోగుల లెక్క నేర్పగలవాడు తానే.

వర్తకులకు ఒక మాట చెప్పవలసియున్నది. లేని చీరను యంత్రముచే గీయించి, లేని సుందరికి కట్టించి, ఫోనులో చూపి అమ్ముట నేడు మిక్కిలి తేలిక. బొమ్మలో జరీ ధగధగలాడును. ఇంటికి వచ్చిన చీర వేరుగా ఉండును. అమ్మజూపు వస్తువును ఫోటో తీసియే చూపవలెను. వెనుకనున్న గోడను మార్చవచ్చును, తోరణము కట్టవచ్చును. చీర రంగును, నేతను, అంచును మార్చరాదు. అలంకారమునకును, మోసమునకును నడుమనున్న ఈ గీతను డిజైనరు గౌరవింపవలెను. యజమాని కోరినను, కాదని మర్యాదగా చెప్పగలుగవలెను.

ఇంతకు ఈ బొమ్మ ఎవరి సొత్తు? అమెరికాలో 2023 ఫిబ్రవరిలో అక్కడి కాపీరైటు కార్యాలయము ఒక బొమ్మల పుస్తకము విషయమున తీర్పు చెప్పినది. పుస్తకములోని మాటలకును, బొమ్మలను కూర్చిన క్రమమునకును రచయిత్రికి హక్కు కలదనియు, మిడ్‌జర్నీ గీసిన విడి బొమ్మలకు హక్కు లేదనియు ఆ నిర్ణయము. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టములో, 1994 సవరణ ద్వారా, కంప్యూటరుచే పుట్టిన కృతికి దానిని పుట్టించుటకు కారణమైన వ్యక్తియే కర్త యను నిర్వచనము చేరినది. చట్టము ఎట్లున్నను, ఆచరణలో ఒక చిక్కు కలదు. అవే మాటలు మరియొకడు వ్రాసియిచ్చినచో అతనికిని ఇంచుమించు అటువంటి నెమలియే దొరకవచ్చును. రెండు మిల్లుల సంచులమీద ఒకే నెమలి కూర్చున్నచో గుర్తుకు అర్థమేమి? కనుక వ్యాపారపు గుర్తును మాత్రము యంత్రపు బొమ్మతో ముగింపక, మనిషిచేత గీయించి, నమోదు చేయించుకొని, చిత్తు కాగితములను భద్రపరచుకొనుట వివేకము.

హక్కులలో చట్టము పట్టుకొనలేనిది ఇంకొకటి ఉన్నది. 2025 మార్చిలో జపాను దేశపు గిబ్లీ చిత్రశాల తీరున తమ ఫోటోలను మార్పించుకొను వేడుక లోకమంతట వ్యాపించినది. మన ఇండ్లలోను ఆ బొమ్మలు కనబడినవి. మనకును ఒక తీరు ఉన్నది. గోదావరి ఒడ్డున నరసాపురములో 1933లో పుట్టిన బాపుగారు 2014లో కీర్తిశేషులగు వరకు గీసిన గీతలవలన "బాపు బొమ్మ" అనునది తెలుగులో ఒక జాతీయమే యైనది. "బాపు తీరున ఒక అమ్మాయిని గీయుము" అని యంత్రమునకు చెప్పుట క్షణము పని. ఆ గీత వెనుకనున్న జీవితకాలపు సాధనకు అందులో ఎవరు నమస్కరించినారు? పెద్దవారి తీరును చూచి నేర్చుకొనుట మన సంప్రదాయము. చూడక, నేర్వక, పేరు చెప్పి పిండుకొనుట సంప్రదాయము కాదు. జీవించియున్న చిత్రకారుని తీరును అట్లు వాడుకొనుట అతని కూటిలో చేయి పెట్టుటయే.

కూటి మాట వచ్చినది గనుక కూలి సంగతియు చెప్పవలెను. "యంత్రము నిమిషములో ఇచ్చును గదా, నీకు డబ్బు దేనికి?" అను మాట డిజైనరులు వినవలసివచ్చుచున్నది. నిమిషములో వచ్చునది చిత్తు బొమ్మ. దానిలో ఏది పనికివచ్చునో ఏరుట, తప్పు పట్టుట, అక్షరము కూర్చుట, అచ్చుకు సిద్ధపరచుట, తప్పు దొర్లినచో బాధ్యత వహించుట ఇవన్నియు కలిసినదే పని. అచ్చైన పదివేల సంచులలో పొరపాటు ఉన్నచో యంత్రము వచ్చి క్షమాపణ చెప్పదు. కనుక బొమ్మకు ఇంత యని గాక, పని మొత్తమునకు ఇంత యని మాటాడుకొనుట ఇరువురకును మేలు. ఎక్కడ యంత్రమును వాడినదియు ముందుగానే చెప్పినచో అనుమానమునకు తావుండదు.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది, నేర్చుకొను పిల్లల విషయము. పని నేర్వవచ్చిన కుఱ్ఱవానికి మొదటిరోజుననే ప్రాంప్టు వ్రాయుట నేర్పినచో అతడు బొమ్మలు తెప్పించగలడు గాని తప్పు పట్టలేడు. చేతివ్రేళ్లు ఆరున్నవని ఎవరైనను చెప్పగలరు. కొబ్బరిచెట్టు ఆకు గాలికి వంగు తీరు తప్పినదని చెప్పుటకు కొబ్బరిచెట్టును గీసి యుండవలెను. మండపేటకు దూరము కాని రాజమహేంద్రవరములో దామెర్ల రామారావుగారి పేర చిత్రశాల కలదు. 1897లో జన్మించిన ఆయన 1925లో, ఇరువది యెనిమిదవ యేట అస్తమించినారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉండిన కూల్డ్రేదొర ప్రోత్సాహముతో బొంబాయి పోయి చిత్రకళ అభ్యసించి, తిరిగి వచ్చి, ఆ కొద్ది కాలములోనే ఆంధ్ర చిత్రకళకు ఒక బాట వేసినారు. ఆ బొమ్మలముందు ఒక పూట నిలుచున్న పిల్లవానికి, చూచుట యనగా ఏమో బోధపడును. ఆ తరువాత యంత్రమును చేతికిచ్చినచో అది అతనికి పనిముట్టగును. అంతకుముందే ఇచ్చినచో అతడే దానికి పనివాడగును.

కనుక రోజుకు ఒక గంట పెన్సిలు, వారమునకు ఒకమారు బయటకు పోయి చూచి గీయుట, తక్కిన సమయమున ఎన్ని యంత్రములైనను సరే. మన ఊళ్లలో డిజైను పని నేర్పువారు ఈ పాటి నియమము పెట్టుకొన్నచో చాలును. ప్రభకు చక్రములు మొలచినప్పుడు గుర్తుపట్టి చెరిపివేయు కన్ను మన ఊరిలో ఒకటి ఎల్లప్పుడు ఉండవలెను. ఆ కన్ను ఉన్నంతకాలము, బొమ్మ ఎవరు గీసినను, రూపు మనదిగనే ఉండును.